మింగకూడనిది మింగేస్తే: విశాఖ ఎండోస్కోపీ గదిలో తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదివారం మధ్యాహ్నం రెండున్నర దాటితే మా విభాగంలో అందరికీ ఒక చెవి ఫోను మీదే ఉంటుంది. పొద్దున్న ఫిషింగ్ హార్బర్‌లో కొన్న చేప అప్పటికి పులుసైపోయి, అందులో ఒక ముల్లు ఎవరి గొంతులోనో దిగి ఉంటుంది. మిగతా ఆరు రోజులూ రూపాయి బిళ్లలు, బొమ్మల బ్యాటరీలు, పిన్నీసులు, కట్టుడు పళ్లు. విశాఖపట్నంలో ఎండోస్కోపీ స్టాఫ్ నర్సుగా చాలా ఏళ్లుగా ఈ ఫోన్లు ఎత్తుతున్నాను. ఎండోస్కోపీ అంటే కెమెరా ఉన్న సన్నటి గొట్టాన్ని, అదే స్కోపును, నోట్లోంచి దింపి చూడటం. మనుషులు మారతారు గానీ అడిగే ప్రశ్నలు మారవు. అందుకే అన్నీ ఒకచోట రాసి, మా డాక్టరుగారితో దిద్దించి పెట్టాను. మొదటినుంచీ చదవక్కర్లేదు, మీ ప్రశ్న ఎక్కడుంటే అక్కడే చదువుకోండి. ఎదురుగా ఉన్న మనిషికి ఊపిరి ఆడకపోతే మాత్రం ఇది పక్కన పెట్టి 108కి ఫోన్ చేయండి.

## ఇంట్లో, మొదటి నిమిషాల్లో

పిల్లాడు ఏదో మింగాడు. ఊపిరి గొట్టంలోకి పోయిందో, అన్నం గొట్టంలోకి పోయిందో ఎలా తెలుస్తుంది?

ఏడుస్తున్నాడంటే, మాట్లాడుతున్నాడంటే, గట్టిగా దగ్గుతున్నాడంటే గాలి ఆడుతున్నట్టే. దగ్గనివ్వండి. మాట రాక, దగ్గు శబ్దం కూడా రాక, పెదాలు నీలంగా మారుతుంటే ఊపిరికి అడ్డం పడినట్టు. ఏడాది లోపు పసిబిడ్డనైతే ముంజేతి మీద బోర్లా, తల కిందికి వాలేలా పట్టుకుని, రెక్కల ఎముకల మధ్య అరచేతి అడుగు భాగంతో 5 దెబ్బలు వేయాలి. తర్వాత వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్యలో రెండు వేళ్లతో 5 సార్లు నొక్కాలి. బయటపడేదాకా ఇవే మార్చి మార్చి చేయాలి. ఏడాది దాటినవాళ్లకు వీపు మీద 5 దెబ్బలు, ఆపైన వెనక నుంచి చుట్టి పట్టుకుని బొడ్డుకు పైన పిడికిలి పెట్టి లోపలికీ పైకీ 5 సార్లు గుంజాలి. స్పృహ తప్పితే సీపీఆర్ (ఛాతీ నొక్కుతూ నోటితో ఊపిరి ఊదడం).

అన్నవాహికలో ఇరుక్కుంటే తీరు వేరు: చొంగ కారుతుంది, తిండి వద్దంటాడు, మింగబోయి ఏడుస్తాడు. వేరుశనగ గింజలాంటిది ఊపిరితిత్తి వైపు జారితే దాన్ని బ్రాంకోస్కోపీతో తీస్తారు. అది వేరే గొట్టం, వేరే డాక్టరు. దగ్గు తగ్గాక కూడా పిల్లికూతలు, ఆయాసం మిగిలితే ఆ మాట డాక్టరుకు తప్పకుండా చెప్పండి.

చేప ముల్లు గుచ్చుకుంది. పెద్ద అన్నం ముద్ద మింగితే దిగిపోతుంది కదా?

మా అమ్మా ఇదే చేసేది, మీ అమ్మా ఇదే చేసి ఉంటుంది. నెత్తళ్ల ముల్లులాంటి మెత్తనిదైతే ముద్దతో పాటు దిగిపోతుంది. ఈ చిట్కాకు పేరు అలాగే వచ్చింది. దిగనివాళ్లే మా దగ్గరికి వస్తారు.

వంజరం, పండుగప్పల ముల్లు గట్టిది. అడ్డంగా నిలబడిన ముల్లు మీద ముద్ద పడితే అది పక్కకు జరగదు, ఇంకా లోతుకు దిగబడుతుంది. చేప ముళ్లు చాలావరకు టాన్సిల్ దగ్గరో, నాలుక మొదట్లోనో గుచ్చుకుంటాయి. అక్కడున్న ముల్లును ఈఎన్‌టీ డాక్టరు లైటు వేసి చూసి, నోరు తెరిపించి, పట్టకారుతో అయిదు నిమిషాల్లో తీసేయగలరు. దాన్ని అన్నవాహికలోకి తోశామంటే ఇక మత్తు, స్కోపు, సంతకాలు. పైగా కడుపు నిండా అన్నం ఉంటే మత్తు డాక్టరు ఒప్పుకోరు.

ఒకాయన ముల్లు దిగుతుందని అరడజను అరటిపళ్లు తిని వచ్చారు. స్కోపు దింపితే తెర నిండా తెల్లటి గుజ్జు. నీళ్లు కొట్టి, పీల్చి, మళ్లీ కొట్టి, ముల్లు కనబడేసరికి పావుగంట పట్టింది. తీయడానికి పట్టింది రెండు నిమిషాలే.

నిమ్మరసం, వెనిగర్ తాగితే ముల్లు కరుగుతుందంటారు, నిజమేనా?

కరగదు. గ్లాసులో రోజుల తరబడి నానబెడితే మెత్తబడవచ్చు. గొంతులో ఆ పులుపు ముల్లును తాకేది రెండు మూడు క్షణాలే. ముల్లు గీరిన చోట మంట మాత్రం మిగులుతుంది.

వేలు పెట్టి తీయనా? వాంతి చేయించనా?

రెండూ వద్దు. కంటికి కనబడి, తేలిగ్గా అందుతుంటే తప్ప వేలు పెట్టకండి. కనబడని దాన్ని వేలు లోపలికే తోస్తుంది. వాంతిలో పైకి వచ్చిన వస్తువు ఊపిరి గొట్టంలోకి జారవచ్చు.

బాబు గుండ్రటి చిన్న బ్యాటరీ మింగాడు. నొప్పి లేదు, ఆడుకుంటున్నాడు. రేపు పొద్దున్న తీసుకెళ్తే చాలదా?

చాలదు. ఇప్పుడే బయల్దేరండి. ఈ పేజీలో ఒక్క జవాబే గుర్తుంచుకుంటానంటే ఇదే గుర్తుంచుకోమంటాను.

బ్యాటరీ పగిలి లోపలి మందు కారితే ప్రమాదమని చాలామంది అనుకుంటారు. అసలు ప్రమాదం కరెంటు. తడిగా ఉన్న అన్నవాహిక గోడకు రెండు పక్కలా ఆనుకోగానే బ్యాటరీలో కరెంటు పారుతుంది, రుణ ధ్రువం వైపు గాఢమైన క్షారం పుడుతుంది. డ్రెయిన్లు శుభ్రం చేసే కాస్టిక్ సోడా ఎలా కాలుస్తుందో అదీ అలాగే కాలుస్తుంది. రెండు గంటల్లోనే లోతైన గాయం కావచ్చు. రిమోటులో పనిచేయడం మానేసిన బ్యాటరీలో కూడా ఈ పనికి సరిపడా ఓల్టేజీ మిగిలి ఉంటుంది. అన్నిటికన్నా చెడ్డది సీఆర్ 2032 రకం లిథియం బిళ్ల: 3 ఓల్టులు, 20 మిల్లీమీటర్ల వెడల్పు. ఇప్పటి చిన్న రూపాయి బిళ్లది సరిగ్గా ఇదే వెడల్పు. పసివాళ్ల అన్నవాహికలో అడ్డంగా నిలవడానికి చక్కగా సరిపోతుంది.

మింగి 12 గంటలు దాటకపోతే, బిడ్డకు ఏడాది నిండి ఉంటే, మింగగలుగుతుంటే, 10 నిమిషాలకోసారి 2 టీస్పూన్ల తేనె పట్టండి. ఆరు సార్లు మించవద్దు. తేనె బ్యాటరీ చుట్టూ పూతలా పట్టి కాలడాన్ని కొంత నెమ్మదింపజేస్తుంది, అంతే. తేనె కొనడానికి దుకాణం వెతుక్కోకండి, ఆస్పత్రికి వెళ్తూ దారిలో పట్టండి. ఏడాది లోపు బిడ్డకు తేనె అసలు పట్టకూడదు, బొట్యులిజం అనే విషపు జబ్బు ప్రమాదం ఉంది. ఇంకేదీ తినిపించకండి, తాగించకండి.

మేం పాడేరు వైపు ఉన్నాం. ఘాట్ దిగి వైజాగ్ వచ్చేసరికి గంటలు పడుతుంది. ఎలా?

ముందు దగ్గర్లో ఎక్స్‌రే ఉన్న ఆస్పత్రికి వెళ్లండి. వస్తువు అన్నవాహికలో ఉందా, కడుపులోకి దిగిందా అన్నది ఆ ఒక్క ఫిల్ముతో తేలుతుంది. దిగిపోయి ఉంటే చాలాసార్లు ఆ రాత్రి ప్రయాణమే అక్కర్లేదు. అన్నవాహికలో ఉంటే ఆ డాక్టరుతోనే విశాఖకు ఫోన్ చేయించి, ఫిల్మును ఫోటో తీసి పంపించి 108లో బయల్దేరండి. మీరు ఘాట్ దిగేలోపు ఇక్కడ మత్తు డాక్టరు వచ్చి ఉంటారు. మాకు తెలియకుండా అర్ధరాత్రి గుమ్మంలో దిగితే గది తెరవడానికే గంట పడుతుంది.

రూపాయి బిళ్ల మింగేసింది మా పాప. భయపడాలా?

పిల్లలు మింగే వాటిలో బిళ్లలదే మొదటి స్థానం. పాప హాయిగా ఉన్నా ఎక్స్‌రే తీయించండి, ఎందుకంటే అన్నవాహికలో ఆగిన బిళ్ల ఒక్కోసారి ఏ లక్షణమూ చూపించదు. బిళ్ల కడుపులోకి దిగి ఉంటే భయం దాదాపు లేదు. అన్నవాహికలో ఉండి చొంగ, వాంతి, ఆయాసం ఉంటే వెంటనే తీస్తారు. ఏ ఇబ్బందీ లేకపోతే 12 నుంచి 24 గంటలు ఆగి మళ్లీ ఎక్స్‌రే తీస్తారు, కొన్ని బిళ్లలు ఈలోపు వాటంతట అవే దిగిపోతాయి. పది రూపాయల బిళ్ల వెడల్పు 27 మిల్లీమీటర్లు కాబట్టి చిన్నపిల్లల్లో అది మొండికేసే అవకాశం ఎక్కువ.

ఒక షరతు: మింగింది బిళ్లేనని మీరు కళ్లారా చూసి ఉండాలి. "బిళ్లే అయి ఉంటుంది" అని తెచ్చినవాటిలో బ్యాటరీలు తేలడం నేను చూశాను.

అయస్కాంతం గోళీలు రెండు మింగాడు. చిన్నవే, వాటంతట అవే పోవా?

ఒక్కటైతే పోవచ్చు. రెండు, లేదా ఒక అయస్కాంతం, ఒక ఇనుప ముక్క అయితే చాలా ప్రమాదం. ఒకటి ఒక పేగు మడతలో, రెండోది పక్క మడతలో ఉండి గోడల మీదుగా అతుక్కుంటాయి. మధ్యలో నలిగిన పేగుకు రక్తం అందక చిల్లు పడుతుంది. అవి ఇంకా కడుపులో, స్కోపుకు అందే చోట ఉండగానే తీసేయాలి. ఎన్ని మింగాడో తెలియకపోతే ఒకటికన్నా ఎక్కువే అనుకుని వెళ్లండి. పిల్లాడి జేబులో తాళాలు, లోహపు బకిల్ ఉన్న బెల్టు తీసేయండి.

నీళ్లలో ఉబ్బే రంగురంగుల పూసలు మింగింది. మెత్తటివే కదా?

మెత్తటివే, కానీ పేగులోని నీళ్లకూ ఉబ్బుతాయి. ఆవగింజంత మింగింది గోళీకాయంత అయ్యి పేగుకు అడ్డం పడవచ్చు. ఎక్స్‌రేలో కనబడవు. ఉబ్బకముందే డాక్టరుకు చూపించండి.

బబుల్ గమ్ మింగాడు. చింతపిక్క మింగింది. సపోటా గింజ...

పోతాయి. చెట్టు మొలవదు.

తాతగారు మాత్రను షీటు ముక్కతో సహా మింగేశారు.

మందుల షాపులో షీటును కత్తెరతో ఒక్కో మాత్రగా కత్తిరించి ఇవ్వడం మనకు అలవాటు. కత్తిరించిన ఆ ముక్కకు నాలుగు మూలలు, నాలుగూ బ్లేడు అంచులే. చూపు మందగించిన పెద్దాయన చీకట్లో నోట్లో వేసుకుంటే మాత్రకూ షీటుకూ తేడా తెలియదు. ఎక్స్‌రేలో చాలాసార్లు కనబడదు, అందుకని "ఏమీ లేదు" అని ఇంటికి పంపేస్తారు. మింగితే ఛాతీలో గుచ్చుతోందని అంటున్నారంటే నమ్మండి, షీటులో ఒక ముక్క తక్కువైందేమో లెక్క చూడండి. ఇది ఆ రోజే ఎండోస్కోపీ చేయాల్సిన వస్తువు.

## బయల్దేరేటప్పుడు

వైజాగ్‌లో ముందు ఎక్కడికి వెళ్లాలి?

ముల్లు గొంతు పైభాగంలో, దవడ కింద గుచ్చుతున్నట్టుంటే మొదట ఈఎన్‌టీ. పెదవాల్తేరులో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆస్పత్రి ఉంది. కంఠం గుంటకు కింద అడ్డం పడినట్టుంటే, బ్యాటరీ, అయస్కాంతం, పిన్నీసు అయితే, ఎమర్జెన్సీ ఉన్న పెద్దాస్పత్రికి వెళ్లండి. మహారాణిపేటలోని కేజీహెచ్ (కింగ్ జార్జ్ హాస్పిటల్) 1923 నుంచీ ఉత్తరాంధ్రకంతా పెద్దాస్పత్రే, క్యాజువాల్టీ రాత్రీ పగలూ ఉంటుంది. ప్రైవేటుకు వెళ్లేట్టయితే బోర్డు చూసి ఆటో దిగకండి. ముందు ఫోన్ చేసి మూడు ముక్కలు అడగండి: ఈ వేళప్పుడు ఎండోస్కోపీ చేస్తారా, పిల్లలకు చేస్తారా, మత్తు డాక్టరు ఉన్నారా. మూడింటిలో ఒక్కదానికి "చూస్తాం" అన్నా ఇంకోచోటికి ఫోన్ చేయండి.

దారిలో కాసిన్ని మంచినీళ్లు తాగించొచ్చా?

వద్దు. మత్తుకు కడుపు ఖాళీగా ఉండాలి: గట్టి ఆహారం తిని 6 గంటలు, నీళ్లు తాగి 2 గంటలు కావాలి. మీరు దారిలో తాగించిన జ్యూసు వల్లే గంటలు వేచి ఉండాల్సి రావచ్చు. బ్యాటరీలాంటి అత్యవసరమైతే కడుపు నిండి ఉన్నా ఆగరు, ఊపిరి గొట్టంలో ట్యూబు వేసి కాపాడుకుంటూ చేస్తారు.

వెంట ఏం తెచ్చుకోవాలి?

మింగినదానిలాంటిదే ఇంకొకటి. ఇంత చిన్న సంగతి ఎంత సాయమో బయటివాళ్లకు తెలియదు. జత చెవిదుద్దులో రెండోది, అదే కంపెనీ బ్యాటరీ కవరు, విరిగిన కట్టుడు పళ్ల సెట్టులో మిగిలిన సగం, ఏదైనా సరే. దాన్ని బల్ల మీద పెట్టి ఏ పట్టకారుకు జారుతుంది, ఏ వలలో నిలుస్తుంది అని మేం బయటే పట్టి చూసుకుంటాం. రోజూ వాడే మందుల చీటీ, ముఖ్యంగా రక్తం పలచబడే మందులుంటే వాటి పేర్లు, కూడా కావాలి.

## ఎక్స్‌రే, స్కాన్

ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. నాకు మాత్రం గుచ్చుతూనే ఉంది. ఎవరిది నిజం?

ఇద్దరిదీ నిజం కావచ్చు. లోహం ఎక్స్‌రేలో తెల్లగా వెలుగుతుంది. ప్లాస్టిక్, చెక్క, పళ్ల సెట్టులోని గులాబీ రంగు భాగం కనబడవు, సన్నటి చేప ముళ్లు చాలావరకు కనబడవు. కాబట్టి ఫిల్ము శుభ్రంగా ఉందంటే లోపల మందమైన లోహం లేదనే అర్థం. ముల్లును వెతకాలంటే రంగు మందు ఎక్కించకుండా తీసే సీటీ స్కాన్ ఎంతో మేలు.

రెండో మాట: ముల్లు పోయినా గీరుకున్న చోటు ఒకటి రెండు రోజులు ముల్లు ఉన్నట్టే అనిపిస్తుంది. తేడా ఎలా తెలుస్తుందంటే, గీరుడైతే గంటగంటకూ తగ్గుతుంది. ముల్లుంటే ప్రతి గుటకకూ ఒకే చోట, అదే పోటు. మరునాటికీ తగ్గకపోతే ఎక్స్‌రే కాగితం చూసి సరిపెట్టుకోవద్దు.

ఎక్స్‌రేలో గుండ్రంగా ఉంది. బిళ్లో బ్యాటరీయో ఎలా చెప్తారు?

బిళ్ల అంచు ఒకటే గీత. బ్యాటరీకి అంచు లోపల ఇంకో వలయం, గాజు చుట్టూ గాజులా కనబడుతుంది. పక్క నుంచి తీసిన ఫిల్ములో ఒకవైపు మెట్టులా దిగి ఉంటుంది. అనుమానం ఉంటే బ్యాటరీ అనే అనుకుని పని మొదలుపెడతారు.

బేరియం తాగించి చూస్తే తెలియదా?

మేం కోరుకోని పరీక్ష ఇది. ఎక్స్‌రేలో కనబడటానికి తాగించే ఆ మందు తెల్లటి సున్నంలా అన్నిటికీ పూసుకుంటుంది, ఆపైన స్కోపులో ఏమీ కనబడదు. అడ్డం పడి ఉంటే పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఒక చోట బేరియం తాగించి మా దగ్గరికి పంపిన పెద్దావిడకు గోడలు కడగడానికే మా ఓపికంతా అయిపోయింది. పేరెందుకు గానీ, ఆ ఫిల్ములో కూడా ముల్లు కనబడలేదు.

పక్క బెడ్డు పిల్లాణ్ణి అప్పుడే లోపలికి తీసుకెళ్లారు, మమ్మల్ని రేపు రమ్మన్నారు. ఎందుకు?

వచ్చిన వరుసను బట్టి కాదు, వస్తువునూ అది ఆగిన చోటునూ బట్టి. అన్నవాహికలో బ్యాటరీ ఉంటే 2 గంటల్లోపే తీయాలని చూస్తారు. అన్నవాహికలో మొనదేలినది ఉన్నా, ఉమ్ము కూడా మింగలేనంతగా అడ్డం పడినా 2 గంటల్లో, మహా అయితే 6 గంటల్లో. ఉమ్ము దిగుతూ అన్నం ముద్దో మాంసం ముక్కో ఆగి ఉంటే 24 గంటల్లో. కడుపులో మొనదేలినది, అయస్కాంతాలు, 5-6 సెంటీమీటర్లకు మించి పొడవున్నవి 24 గంటల్లో. పొడవువి చిన్నపేగు మొదటి వంపు తిరగలేవు. కడుపులోకి దిగిన బిళ్లకు తొందరే లేదు.

కడుపులోకి జారింది, ఇంటికెళ్లండి అన్నారు. చేతులు దులుపుకున్నారా?

లేదు, అది సరైన వైద్యమే. మింగినవాటిలో నూటికి 80 నుంచి 90 దాకా వాటంతట అవే విరేచనంలో పోతాయి. 10 నుంచి 20 దాకా స్కోపుతో తీయాల్సి వస్తుంది. ఆపరేషన్ దాకా వెళ్లేవి నూటికి ఒకటి కూడా ఉండవు. మామూలు తిండే పెట్టండి. ఆముదం తాగించకండి, విరేచనాల మందు వేయకండి. తొందరపెట్టి లాభం లేదు. రోజూ విరేచనంలో చూడండి. బిళ్ల 4 వారాలైనా కడుపులోనే ఉంటే అప్పుడు తీస్తారు. ఈలోపు కడుపు నొప్పి, వాంతులు, జ్వరం, నల్లటి విరేచనం కనబడితే ఆ రోజే రండి.

## గది లోపల

అంత గొట్టం గొంతులో పడుతుందా?

పెద్దవాళ్ల స్కోపు మందం సెంటీమీటరు లోపే, దాదాపు మీ చిటికెనవేలంత. పసివాళ్లకు ఇంకా సన్నటివి ఉంటాయి. 1868లో జర్మనీలో కుస్‌మాల్ అనే డాక్టరు తిన్నటి లోహపు గొట్టంతో కడుపులోకి చూడాలనుకున్నప్పుడు, దాన్ని మింగడానికి కత్తులు మింగే గారడీవాణ్ణి పిలిపించుకోవాల్సి వచ్చింది. ఇప్పటిది పాములా వంగుతుంది.

మత్తు ఇస్తారా, మెలకువలోనే చేస్తారా?

పిల్లలకు పూర్తి మత్తు ఇచ్చి, ఊపిరి గొట్టంలో ట్యూబు వేసి చేస్తారు. పెద్దవాళ్లకు చాలావరకు గొంతులో స్ప్రే, నరంలో మత్తు ఇంజెక్షను. ఊగే పన్ను, కట్టుడు పళ్లు, ముక్కుపుడక ఉంటే ముందే చెప్పండి. ఒక వస్తువు తీయబోయి రెండోది వెతుక్కోవడం మాకిష్టం లేదు.

అసలు ఎలా పట్టుకుంటారు?

స్కోపు పొడవునా లోపల 2.8 మిల్లీమీటర్ల సొరంగం ఒకటి ఉంటుంది. అన్ని పనిముట్లూ అందులోంచే పోవాలి. డాక్టరు తెర చూస్తూ స్కోపు తిప్పుతుంటే, పనిముట్టు పిడి నర్సు చేతిలో ఉంటుంది. "తెరువు" అంటే తెరుస్తాను, "పట్టు" అంటే మూస్తాను. బిళ్లకు ఎలుక పళ్లలా కొరికే పట్టకారు వాడతాం, అంచు మీద పట్టు దొరకాలి. నున్నటి బ్యాటరీ, గోళీ ఆ పట్టకారుకు సబ్బు ముక్కలా జారిపోతాయి, వాటికి చిన్న వల. బ్రష్షు, చెంచాలాంటి పొడవు వస్తువులకు ఉచ్చు. ఒక కొసకు దగ్గరగా బిగించాలి. మధ్యలో పడితే అడ్డం తిరిగి, కడుపు దాటి పైకే రాదు.

చేప ముల్లు చాలాసార్లు అన్నవాహికలో అడ్డంగా, రెండు కొసలూ రెండు గోడల్లో దిగబడి ఉంటుంది. లాగితే రెండు వైపులా చీరుతుంది. ముందు ఒక కొసను నెమ్మదిగా గోడలోంచి విడిపించాలి, ముల్లు నిలువుకు తిరగాలి, అప్పుడు పైకి. స్కోపు మూతికి తొడిగే పారదర్శకమైన టోపీ ఒకటుంది, ముల్లు కొసను అందులోకి లాక్కుంటే దారిలో గోడ గీసుకోదు. ఆ టోపీలోకి ముల్లు దూరేటప్పుడు గదిలో ఎవరూ మాట్లాడరు.

చీర కట్టుకుంటూ పిన్నీసు పళ్ల మధ్య పెట్టుకున్నాను, మింగేశాను. తెరుచుకుని ఉంది. పైకి లాగితే గుచ్చుకోదా?

మొన పైకి ఉంటే గుచ్చుకుంటుంది. అందుకే అలా లాగరు. మొన పైకి ఉన్న పిన్నీసును జాగ్రత్తగా కడుపులోకి దింపి, అక్కడ చోటుంది కాబట్టి తలకిందులు చేసి, స్ప్రింగు ఉన్న వైపు పట్టుకుంటారు. అప్పుడు మొన వెనక వస్తుంది. వెనక వచ్చే మొన గుచ్చుకోదు, ముందు పోయే మొనే గుచ్చుకుంటుంది. స్కోపు మీద రబ్బరు గొడుగులాంటిది తొడిగితే, పైకి వచ్చేటప్పుడు అది బోర్లా తిరిగి పిన్నీసును కప్పేస్తుంది. పెళ్లిళ్ల రోజుల్లో ఈ కేసులు చూస్తుంటాం.

మాంసం ముక్క అడ్డం పడితే కిందికి తోసేస్తారట, నిజమేనా?

అవును, ఎముక లేదని తేలితే మెల్లగా తోయడం మంచి పద్ధతే. బలవంతం మాత్రం చేయరు. దిగకపోతే ముక్కలు చేసి వలతో తీస్తారు.

ఎంతసేపు పడుతుంది?

చాలావరకు అరగంటలోపే. బయట కూర్చున్నవాళ్లకు మాత్రం రెండు గంటల్లా అనిపిస్తుందట.

ప్రమాదం ఏముంటుంది? సంతకం అడుగుతున్నారు, భయమేస్తోంది.

గోడకు చిల్లు పడటం, రక్తం రావడం, ఊపిరితిత్తుల్లోకి పొలమారడం ఉంటాయి, అరుదు. మొనదేలినవాటికి, ఆలస్యంగా వచ్చినవాటికి ఎక్కువ. ముల్లు ఒక్కరోజు దాటి గోడలో ఉంటే చుట్టూ వాస్తుంది, చీము పడుతుంది. అప్పుడు అదే ముల్లు వేరే జబ్బు. సంతకం పెట్టే ముందు "తీయకపోతే ఏమవుతుంది" అని కూడా అడగండి. డాక్టరు విసుక్కోరు, విసుక్కుంటే మళ్లీ అడగండి.

స్కోపుతో రాకపోతే కోసేస్తారా?

వెంటనే కాదు. గొంతుకు దగ్గరగా ఉన్నవాటిని ఈఎన్‌టీ డాక్టర్లు తిన్నటి గొట్టంతో తీయగలరు. పేగుల్లోకి జారిన మొనదేలిన వస్తువును రోజూ ఎక్స్‌రే తీసి కనిపెడతారు. మూడు రోజులు ఒకే చోట కదలకుండా ఉంటేనో, కడుపు గట్టిబడితేనో సర్జను చేతికి వెళ్తుంది.

## తీశాక

ఎప్పటినుంచి తినొచ్చు?

గాయం లేకపోతే మత్తు దిగాక కాసిని నీళ్లు, ఆపైన ఆ పూటకు మజ్జిగన్నమో, ఇడ్లీయో. గొంతు నొప్పి ఒకటి రెండు రోజులు ఉంటుంది. మత్తు తీసుకున్నాక 24 గంటలు బండి నడపకండి.

బ్యాటరీ తీసేశారు కదా, బాబును ఇంకా ఎందుకు ఉంచారు?

బ్యాటరీ బయటికి వచ్చినా క్షారం చేసిన గాయం లోపల ఇంకా లోతుకు పాకుతుంది. అన్నవాహిక ముందు శ్వాసనాళం, పక్కనే గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం. గాయం వాటివైపు పాకిందేమో స్కానులతో చూస్తారు. ఇంటికి పంపాక కూడా కొన్ని వారాల పాటు దగ్గి రక్తం పడినా, రక్తపు వాంతి చిన్న చెంచాడైనా, నల్లటి విరేచనం అయినా ఆ నిమిషమే ఆస్పత్రికి రావాలి, "చూద్దాం" అనకూడదు. తర్వాత్తర్వాత అన్నవాహిక సన్నబడి మింగుడు పడకపోవచ్చు, దానికి వేరుగా చూపించుకోవాలి.

నాన్నగారికి మటన్ ముక్క అడ్డం పడటం ఇది రెండోసారి. పళ్లు లేక సరిగ్గా నమలరు, అంతే కదా?

అంతే అనుకోకండి. మామూలు అన్నవాహికలో మాంసం ముక్క ఊరికే ఆగదు. ఎసిడిటీ వల్ల సన్నబడటం, ఎప్పుడో తాగిన యాసిడ్ మచ్చ, అలర్జీ రకం వాపు, ఒక్కోసారి కాన్సరు, వీటిలో ఏదో దొరుకుతుంది. ముక్క తీసిన రోజే, లేదా వాపు తగ్గాక మళ్లీ స్కోపు వేసి చిన్న ముక్క కోసి పరీక్షకు పంపుతారు. "ముక్క పోయింది కదా, మళ్లీ ఎందుకు" అని రెండోసారి రమ్మన్న తారీఖు ఎగ్గొట్టేవాళ్లంటే నాకు కోపం.

ఇంటికి వచ్చాక ఏం కనబడితే పరిగెత్తాలి?

పెరిగే ఛాతీ నొప్పి, వీపులోకి పొడిచే నొప్పి, జ్వరం, ఆయాసం, రక్తపు వాంతి, మెడ వాచి చర్మం నొక్కితే అప్పడం నలిగినట్టు కరకరలాడటం. ఈ చివరిది కనబడితే గాలి బయటికి లీకవుతున్నట్టే.

ఆరోగ్యశ్రీలో అవుతుందా?

పేరు ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ, జనం నోట్లో ఇంకా ఆరోగ్యశ్రీయే. మీ కేసు వర్తిస్తుందో లేదో ఆస్పత్రిలోని ఆ కౌంటరులోనే తేలుతుంది. రేషను కార్డు, ఆధారు ఎవరి చేతైనా వెనక నుంచి తెప్పించుకోండి. కార్డు వెతుకుతూ బ్యాటరీ మింగిన పిల్లాణ్ణి ఇంట్లో ఉంచకండి.

తీసిన వస్తువు మాకిస్తారా?

అడిగితే ఇస్తాం, కడిగి, చిన్న డబ్బాలో వేసి. అమెరికాలో షెవాలియర్ జాక్సన్ అనే డాక్టరు తాను తీసినవాటిని ఇవ్వకుండా దాచుకునేవాడు. అవి 2,000కు పైగా ఫిలడెల్ఫియాలోని మ్యూటర్ మ్యూజియంలో ఉన్నాయి. మాకు అంత చోటు లేదు. ముల్లు ఎవరూ పట్టుకెళ్లరు, ఫోటో తీసుకుంటారు. దుద్దులు, ముక్కుపుడకలు లెక్కపెట్టి తీసుకెళ్తారు. మొన్నొక మామ్మగారు మనవడి కడుపులోంచి తీసిన రూపాయిని కొంగున ముడి వేసుకున్నారు. అది సింహాచలం హుండీలో వేయాలట, దారి పొడవునా మొక్కుకుంటూ వచ్చారట. ముడి వేస్తూ నన్నడిగారు: "అమ్మా, దీన్ని మళ్లీ వేడినీళ్లతో కడగాలా?"